పెంపుడు కుక్కలకు గోమార్ల బెడద: ఇంటి గోడల దగ్గర మొదలుపెట్టవలసిన రక్షణ

అందరికీ నమస్కారం. సెలవు రోజు ఉదయాన్నే ఇంతమంది ఈ హాలుకు వచ్చారంటే, మీ ఇళ్ళలో ఉన్న మూగజీవుల మీద మీకెంత మమకారం ఉందో నాకు అర్థమవుతూనే ఉంది. నేను లోపలికి వస్తుండగానే నలుగురైదుగురు నన్ను ఒకే ప్రశ్న అడిగారు: "డాక్టరుగారూ, గోమార్లకు ఏ మందు మంచిది?" మందుల గురించి తప్పకుండా చెబుతాను, ఎవరికీ సందేహం మిగలకుండా చెబుతాను. అయితే అంతకంటే ముందు గోమారి ఎలా బతుకుతుందో, ఎక్కడ బతుకుతుందో మీరు కాసేపు ఓపిగ్గా వినాలి. ఎందుకంటే ఆ సంగతి తెలియకుండా ఎంత ఖరీదైన మందు వాడినా రెండు నెలలు తిరిగేసరికి మళ్ళీ నా దగ్గరికే, అదే కుక్కతో, అదే బాధతో వస్తారు.

కుక్కల, పశువుల ఒంటిని పట్టుకుని రక్తం తాగే ఈ పురుగును మన ప్రాంతంలో కొందరు గోమారి అంటారు, కొందరు పిడుదు అంటారు, ఇంగ్లీషులో టిక్ అంటారు. పశువుల మీద ఉండేవి, కుక్కల మీద ఉండేవి చూడటానికి ఒకేలా అనిపించినా వాటిలో చాలా జాతులున్నాయి. మన హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో ఇంట్లో పెంచుకునే కుక్కల మీద మనకు సాధారణంగా కనిపించేది గోధుమరంగు కుక్క గోమారి. శాస్త్రీయంగా దానిని రైపిసెఫాలస్ సాంగ్వినియస్ అంటారు. దీనికి ఒక ప్రత్యేకత ఉంది. చాలా రకాల గోమార్లు అడవుల్లో, గడ్డి మైదానాల్లో బతుకుతాయి. ఇది మాత్రం గుడ్డు దశ నుంచి పెద్దదయ్యేదాకా తన జీవితమంతా మనిషి కట్టుకున్న ఇంట్లోనే, నాలుగు గోడల మధ్యనే గడిపేయగలదు. అందుకే అయిదో అంతస్తులో ఉన్న కుక్కకు కూడా గోమార్లు పడతాయి. "మా కుక్క మట్టి మీద కాలు పెట్టదండీ, దీనికెలా పట్టాయి?" అని చాలామంది ఆశ్చర్యపోతారు. మట్టి అవసరం లేదమ్మా. గోడలో సన్నని పగులుంటే చాలు.

ఇప్పుడు దాని జీవితాన్ని ఒక్కసారి చూద్దాం. కుక్క ఒంటి మీద శనగగింజంత ఉబ్బి, బూడిదరంగులో కనిపించేది ఆడ గోమారి. అది వారం, పది రోజులు ఆగకుండా రక్తం తాగుతుంది. కడుపు నిండగానే పట్టు వదిలి కింద పడుతుంది. పడినది అక్కడే ఉండదు, గోడ ఎక్కుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, గోడ ఎక్కుతుంది. గుమ్మం చెక్కకూ గోడకూ మధ్య సందులో, స్కర్టింగ్ రాళ్ళ వెనుక, ఫోటో ఫ్రేముల వెనుక, స్విచ్ బోర్డు అంచుల్లో, మంచం కోళ్ళ అతుకుల్లో దూరి, అక్కడ రెండు మూడు వేల గుడ్లు, ఒక్కొక్కసారి నాలుగు వేలదాకా పెట్టి చనిపోతుంది. మీరు టార్చిలైటు వేసి ఆ సందుల్లో జాగ్రత్తగా చూస్తే, ముదురు గోధుమరంగులో మెరుస్తూ, ఒకదానికొకటి అంటుకుని ఉన్న గుడ్ల కుప్ప కనిపిస్తుంది. చాలామంది దానిని మురికి అనుకుని వదిలేస్తారు.

కొన్ని వారాలకు ఆ గుడ్లలోంచి ఆరు కాళ్ళ పిల్లలు వస్తాయి. అవి గుండుసూది మొనంత ఉంటాయి, కంటికి సరిగా ఆనవు. కుక్క ఆ గోడ పక్కన పడుకోగానే ఎక్కుతాయి, కొన్ని రోజులు రక్తం తాగుతాయి, మళ్ళీ దిగి గోడ సందుల్లోకి పోతాయి. అక్కడ చర్మం విడిచి ఎనిమిది కాళ్ళతో కొంచెం పెద్దవై బయటికి వస్తాయి. రెండోసారి కుక్క మీదికి ఎక్కుతాయి, తాగుతాయి, దిగుతాయి. మళ్ళీ చర్మం విడిచి పూర్తిగా పెరిగిన గోమార్లుగా మూడోసారి ఎక్కుతాయి. మూడుసార్లు ఎక్కడం, మూడుసార్లు దిగడం. ఈ మొత్తం చక్రం మన వాతావరణంలో రెండు మూడు నెలల్లో పూర్తయిపోతుంది. కుక్క ఆ గోమారికి భోజనశాల, గోడ దాని ఇల్లు. మరి మనం ఏం చేస్తున్నాం? భోజనశాలలో కనిపించిన నాలుగింటిని ఏరి పారేసి, ఇంట్లో ఉన్న వేలను మరిచిపోతున్నాం.

ఇంకొక సంగతి చెబితే మీకు దీని మొండితనం అర్థమవుతుంది. రక్తం దొరకకపోయినా పెరిగిన గోమారి నెలల తరబడి, అనుకూలమైన చోటైతే ఏడాదికి పైగా, ఆకలితో ఎదురుచూడగలదు. పాత అద్దెవారి కుక్కతో వచ్చిన గోమార్లు, ఇల్లు నెలల పాటు ఖాళీగా ఉన్నా, కొత్తగా వచ్చినవారి కుక్కకు పడతాయి. ఊరికి వెళ్ళి తాళం వేసి నెల తరువాత వచ్చినా అవి పోవు.

సరే, నాలుగు చుక్కల రక్తం తాగితే కుక్కకేమవుతుంది? ఈ ప్రశ్న కూడా అడుగుతుంటారు, అడగవలసిన ప్రశ్నే. చిన్న పిల్లలకు, అంటే కుక్కపిల్లలకు, గోమార్లు ఎక్కువగా పడితే ఆ రక్తం పోవడంతోనే ప్రాణం మీదికి వస్తుంది. పెద్ద కుక్కలకు అసలు ప్రమాదం రక్తం పోవడం వల్ల కాదు, గోమారి తన ఉమ్మితో పాటు లోపలికి పంపే క్రిముల వల్ల వస్తుంది. మనం 'టిక్ ఫీవర్' అని ఒకే మాటతో పిలిచేది నిజానికి ఒక జబ్బు కాదు, నాలుగైదు జబ్బులు. వాటిలో ముఖ్యమైనది ఎర్లీకియా కేనిస్ అనే సూక్ష్మజీవి వల్ల వచ్చేది. 1935లో అల్జీరియాలో దీనిని మొదట గుర్తించారు. 1960ల చివర్లో వియత్నాం యుద్ధానికి అమెరికా సైన్యం తీసుకువెళ్ళిన కుక్కలు, ముఖ్యంగా జర్మన్ షెపర్డ్‌లు, ఈ జబ్బుతోనే ముక్కుల వెంట రక్తం కారి పెద్ద సంఖ్యలో చనిపోయాయి. ఆ తరువాతే ప్రపంచం దీని తీవ్రతను గ్రహించింది. మీలో జర్మన్ షెపర్డ్‌ను పెంచేవారు చేతులెత్తారు కదా, మీరు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఆ జాతిలో ఈ జబ్బు మిగతావాటికంటే ఉధృతంగా వస్తుంది.

రెండోది బెబీసియా. ఇది ఎర్ర రక్తకణాల్లో దూరి వాటిని పగలగొడుతుంది. దీనిలో బెబీసియా గిబ్సోని అనే రకాన్ని ప్యాటన్ అనే శాస్త్రవేత్త 1910లో మన పక్కనే ఉన్న మద్రాసులో, వేటకు వాడే కుక్కల రక్తంలో కనుగొన్నాడు. తరువాత నక్కల రక్తంలోనూ చూశాడు. మూడోది హెపటోజూన్. ఇది గోమారి కుట్టడం వల్ల రాదు. కుక్క ఒళ్ళు గోక్కుంటూ పళ్ళతో గోమారిని కొరికి మింగితే వస్తుంది. దీనిని కూడా మొదట మన దేశంలోనే, 1905లో వర్ణించారు. ఈ వివరాలు ఎందుకు చెబుతున్నానంటే, ఇవి ఎక్కడో విదేశాల్లో పుట్టి ఈమధ్య మన మీద పడిన జబ్బులని కొందరు అనుకుంటారు. కాదు. నూరేళ్ళకు పైగా ఇవి మన నేలమీద ఉన్నాయి.

లక్షణాలు జాగ్రత్తగా వినండి. కుక్క అన్నం ముట్టదు, ఒక మూల పడుకుంటుంది, ఒళ్ళు వేడిగా ఉంటుంది. పెదవి పైకెత్తి చూస్తే గులాబీరంగులో ఉండవలసిన చిగుళ్ళు తెల్లగా పాలిపోయి ఉంటాయి. దవడ కింద, తొడల వెనుక బిళ్ళలు కడతాయి. పొట్ట మీద వెంట్రుకలు తక్కువగా ఉండే చోట సూదితో పొడిచినట్టు ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. ముక్కు వెంట రక్తం రావచ్చు. మూత్రం ముదురు గోధుమరంగులోకి మారితే బెబీసియాను అనుమానించాలి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకురావాలి. మరునాటిదాకా ఆగవద్దు. ఇంకా చెప్పాలంటే, ఎర్లీకియా కొన్ని కుక్కల్లో నెలలు, ఏళ్ళ తరబడి ఏ లక్షణమూ చూపకుండా దాగి ఉండి, చివరికి ఎముక మజ్జను దెబ్బతీసి బయటపడుతుంది. అందుకే గోమార్లు ఎక్కువగా పట్టిన చరిత్ర ఉన్న కుక్కకు, అది హుషారుగా ఉన్నా సరే, ఏడాదికొకసారి రక్తపరీక్ష చేయించి ప్లేట్‌లెట్ల సంఖ్య చూసుకోమని నేను చెబుతాను.

చికిత్స గురించి ఒక్క మాట. ఎర్లీకియాకు డాక్సీసైక్లిన్ అనే మందు సుమారు నాలుగు వారాలు ఇస్తాం. కుక్క మూడో రోజుకే లేచి తిరుగుతుంది, అన్నం తింటుంది. అప్పుడేం చేస్తారు? "బాగైపోయింది, ఇంకెందుకు పాపం దానికి మాత్రలు" అని ఆపేస్తారు. దయచేసి ఆపకండి. నాలుగు వారాలంటే నాలుగు వారాలే. ప్రేమతోనే ఆపుతారని నాకు తెలుసు, కానీ ఆ ప్రేమే ఆ జబ్బును లోపల దాచిపెడుతుంది. ప్లేట్‌లెట్లు పెరగాలని బొప్పాయి ఆకు రసం తాగించేవారున్నారు. క్రిమి లోపల ఉండగా ఆ రసంతో జబ్బు నయం కాదు. జ్వరమని మనం వేసుకునే పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ మాత్రలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కుక్కకు వేయవద్దు. అవి వాటికి విషంతో సమానం.

ఇక మీరు అడిగిన మందుల సంగతికి వస్తాను. ఇప్పుడు మనకు దొరికేవాటిలో నమిలే మాత్రలు బాగా పనిచేస్తున్నాయి. అఫాక్సోలనర్, సారోలనర్, ఫ్లురలనర్ అనే మందులున్న మాత్రలివి. మొదటి రెండూ నెలకొకసారి, మూడోది సుమారు పన్నెండు వారాలకొకసారి. ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. మాత్ర వేసిన మరునాడు కుక్క మీద గోమారి పాకుతూ కనిపించగానే "మందు నకిలీదండీ" అని ఫోను చేస్తారు. మాత్ర గోమారిని దగ్గరికి రాకుండా ఆపదు. మందు కుక్క రక్తంలో ఉంటుంది. గోమారి ఎక్కి, కరిచి, ఆ రక్తం తాగితేనే చస్తుంది. ఒకటి రెండు రోజుల్లో చచ్చి రాలిపోతుంది. గోడల్లో వేలకొద్దీ ఉన్న ఇంట్లో రోజూ కొత్తవి ఎక్కుతూనే ఉంటాయి కాబట్టి రోజూ కనిపిస్తూనే ఉంటాయి. మందు ఆపవద్దు. ఎక్కిన ప్రతిదీ చస్తూ ఉంటే, గుడ్లు పెట్టేది మిగలదు. రెండు మూడు నెలలు ఒక్క తేదీ కూడా తప్పకుండా ఇస్తే అప్పుడు తేడా చూస్తారు. కుక్కకు మూర్ఛ, అంటే ఫిట్స్, వచ్చిన చరిత్ర ఉంటే ఈ మాత్రలు వేసేముందు డాక్టరుకు తప్పక చెప్పాలి. ఈ విషయమై అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2018లోనే హెచ్చరిక జారీ చేసింది.

మెడ వెనుక చర్మం మీద వేసే చుక్కల మందులు, అంటే స్పాట్-ఆన్‌లు, రెండో రకం. ఫిప్రోనిల్ ఉన్నవి ఎక్కువగా వాడతారు. వీటిని వెంట్రుకల మీద పోస్తే లాభం లేదు. రెండు భుజాల మధ్య వెంట్రుకలు పాయ తీసి, చర్మం తెల్లగా కనిపించే చోట ట్యూబు మొన ఆనించి వేయాలి. వేయడానికి రెండు రోజుల ముందూ, వేసిన తరువాత రెండు రోజులూ స్నానం చేయించకూడదు. ప్రతి ఆదివారం షాంపూతో స్నానం చేయించే ఇళ్ళలో ఈ మందు ఎందుకు పనిచేయడం లేదో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. ఇంట్లో పిల్లి కూడా ఉన్నవారు ఈ మాట బాగా వినండి: పర్మెత్రిన్ కలిసిన కుక్కల మందు పిల్లికి ప్రాణాంతకం. పిల్లి మీద వేయకపోయినా, వేసిన కుక్కను రాసుకుని పడుకున్నా ప్రమాదమే. డబ్బా మీద చదవండి, చదవలేకపోతే షాపులో అడిగి తెలుసుకోండి.

మూడోది మెడకు కట్టే పట్టీలు. ఫ్లుమెత్రిన్, ఇమిడాక్లోప్రిడ్ కలిసిన మంచి పట్టీ ఏడెనిమిది నెలలు పనిచేస్తుంది. మందు చర్మం మీద పరుచుకోవాలి కాబట్టి పట్టీకీ మెడకూ మధ్య రెండు వేళ్ళు పట్టేంత వదులు మాత్రమే ఉండాలి, వేలాడకూడదు.

ఏ మందైనా కుక్క బరువును బట్టే. నలభై కిలోల కుక్క మాత్ర కొని నాలుగు ముక్కలు చేసి నాలుగు చిన్న కుక్కలకు పంచడం కొందరు చేస్తున్నారు. మందు మాత్రలో అన్ని వైపులా సమానంగా ఉంటుందన్న హామీ లేదు. ఒకదానికి చాలదు, ఇంకొకదానికి ఎక్కువవుతుంది. రెండు నెలలు నిండని పిల్లలకు వీటిలో చాలావరకు వాడకూడదు. వాటికి చేత్తో ఏరడం, సన్న పళ్ళ దువ్వెనతో దువ్వడం, డాక్టరు సలహాతో తల్లికి మందు వేయడం, ఇవే దారులు.

పశువుల కోసం అమ్మే డెల్టామెత్రిన్, అమిట్రాజ్ ద్రావణాలు చవకగా దొరుకుతాయని కుక్కలకు కొలత లేకుండా కలిపి పోస్తున్నారు. అమిట్రాజ్‌ను మేమే కొన్ని చర్మవ్యాధులకు సరైన పాళ్ళలో వాడతాం. కానీ కంటి అంచనాతో బకెట్లో కలిపి పోస్తే, ఆ కుక్క ఒళ్ళు నాక్కుని, చొంగ కారుస్తూ, అడుగు తడబడుతూ ఆసుపత్రికి వస్తుంది. గోమార్లకని కొందరు వేయించే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ కోలీ జాతి కుక్కల్లో, వాటి సంకరాల్లో మెదడును దెబ్బతీస్తుంది. ఇరుగుపొరుగు చెప్పారని ఎవరిచేతా వేయించవద్దు. కిరోసిన్ రాయడం, ఫినాయిల్ నీళ్ళతో కడగడం, పొగాకు కషాయం పూయడం, ఇవన్నీ చర్మాన్ని కాల్చేవి, ఒంట్లోకి విషం ఎక్కించేవి. వెల్లుల్లి తినిపిస్తే గోమార్లు పట్టవని చెప్పేవారున్నారు. వెల్లుల్లి, ఉల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. బెబీసియా చేసే పనే అది కూడా చేస్తుంది. వేపనూనె సంగతి అడుగుతారని తెలుసు. పలచగా రాస్తే కొంత వాసనకు గోమార్లు దూరంగా ఉండవచ్చు, కానీ పట్టిన ఇంటిని అది బాగుచేయలేదు. దాన్నే నమ్ముకుని మందు మానేయడం నాకు ఇష్టం లేదు.

కనిపించిన గోమారిని ఎలా తీయాలి? నిప్పు అంటించవద్దు, పెట్రోలు పోయవద్దు, గోళ్ళతో నలపవద్దు. నలిపితే దాని రక్తంలోని క్రిములు మన వేలి మీది చిన్న గాట్లలోంచి లోపలికి పోవచ్చు. సన్నమొన ఉన్న పట్టకారుతో, చర్మానికి ఆనుకుని ఉన్న తల దగ్గర పట్టుకుని, మెలిపెట్టకుండా, కుదుపు లేకుండా, నిదానంగా పైకి లాగాలి. తీసినదాన్ని స్పిరిట్ ఉన్న సీసాలో వేయాలి. బయటి నుంచి రాగానే రోజూ అయిదు నిమిషాలు వెతకండి. ఎక్కడ వెతకాలి? వీపు మీద కాదు. చెవి మడత లోపల, మెడపట్టీ కింద, చంకల్లో, గజ్జల్లో, తోక కింద వెతకాలి. అన్నిటికంటే ముఖ్యంగా కాలి వేళ్ళ మధ్య. పాదాన్ని చేతిలోకి తీసుకుని వేళ్ళను విడదీసి, మెత్తటి దిండ్ల మధ్య ఆ ఎర్రబడిన చర్మాన్ని వెలుతురులో చూడండి. చిన్నవన్నీ అక్కడే ఇరుక్కుని ఉంటాయి.

ఇప్పుడు ఇంటి సంగతి. కుక్క పడుకునే గుడ్డలు వారానికొకసారి బాగా వేడి నీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయండి. గోనెసంచులు వాడుతుంటే వాటిని తీసేయండి. గోడ పగుళ్ళను, గుమ్మాల సందులను వైట్ సిమెంటుతోనో పుట్టీతోనో పూడ్చేయండి. ఇది ఒకసారి పెట్టే ఖర్చు, ఏళ్ళ తరబడి ఫలితమిస్తుంది. పురుగుమందు కొట్టించేటప్పుడు కుక్కను వేరే చోట ఉంచి, నేలా గోడలూ పూర్తిగా ఆరాకే తీసుకురావాలి. చేపల తొట్టె ఉంటే మూత వేసి గాలి పంపు ఆపాలి, ఎందుకంటే ఈ మందుల్లో చాలా రకాలు చేపలను చంపేస్తాయి. గుడ్ల మీద మందు సరిగా పనిచేయదు కాబట్టి రెండు మూడు వారాలకు మళ్ళీ కొట్టించాలి. ఒక్కసారితో ఆపితే డబ్బు వృథా.

ఫ్లీల గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే మీలో ఎక్కువమంది బాధ గోమార్లతోనే. ఫ్లీలు గెంతే చిన్న పురుగులు. ఆడది రోజుకు నలభై, యాభై గుడ్లు పెడుతుంది. అవి జారి పరుపు మీద, తివాచీ మీద పడతాయి. గూడు కట్టుకున్న దశలో నెలల తరబడి ఉండి, అడుగుల చప్పుడు తగలగానే బయటికి గెంతుతాయి. కుక్క తోక మొదట్లో వెంట్రుకలు ఊడి, అక్కడే పదేపదే కొరుక్కుంటుంటే దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి పొడిని తడిపిన తెల్ల కాగితం మీద వేయండి. కాసేపటికి ఆ పొడి చుట్టూ ఎర్రటి మరక పాకితే అది మట్టి కాదు, ఫ్లీ విసర్జించిన రక్తం. ఫ్లీని మింగిన కుక్కకు బద్దెపురుగులు పడతాయి. తోక కింద బియ్యపు గింజంత తెల్లటి ముక్కలు కదులుతుంటే పురుగుల మందుతో పాటు ఫ్లీల మందు కూడా వేయాలి. ఒకటి మాత్రమే వేస్తే మళ్ళీ వస్తాయి.

మనుషులకు ప్రమాదం లేదా అని ఇందాక ఒక అమ్మగారు అడిగారు. కుక్కకు వచ్చిన టిక్ ఫీవర్ దాన్ని నిమిరితే మీకు అంటుకోదు, భయపడవద్దు. కానీ ఇండియన్ టిక్ టైఫస్ అనే జ్వరం ఈ గోమారి కుడితే మనుషులకు వస్తుంది. తీవ్రమైన జ్వరం, తలనొప్పి, అరచేతులు అరికాళ్ళతో సహా ఒంటి మీద దద్దుర్లు వస్తే, మీ డాక్టరుకు "మా ఇంట్లో గోమార్లున్నాయి" అని ఒక్క మాట చెప్పండి. ఆ మాటతో చికిత్స తొందరగా సరైన దారిలో పడుతుంది.

చివరిగా మీ అపార్టుమెంటు సెల్లార్లో ఉండే వీధికుక్కల సంగతి. వాటివల్లే ఇదంతా వస్తోందని, తరిమేయాలని మీ ఫ్లాట్ల సంఘంలో కొందరు అంటున్నారని విన్నాను. తరిమేస్తే ఏమవుతుంది? గోమార్లు సెల్లారు స్తంభాల పగుళ్ళలో ఉన్నాయి, అవి ఎక్కడికీ పోవు. ఎక్కడానికి ఆ కుక్కలు లేకపోతే, లిఫ్టు దగ్గర నిలబడిన మీ కుక్కను ఎక్కుతాయి. దానికి బదులు, అక్కడ ఉండే ఆ నాలుగు కుక్కలకు పన్నెండు వారాలు పనిచేసే మాత్రను బరువు చూసి, అన్నంలో కలిపి పెట్టండి. ఖర్చు అన్ని ఫ్లాట్లకూ పంచుకుంటే ఎవరికీ భారం కాదు. మాత్ర తిన్న ప్రతి కుక్కా, తన మీదికి ఎక్కిన గోమార్లను గుడ్లు పెట్టనివ్వకుండా చంపుతూ సెల్లారును శుభ్రం చేస్తుంది. అదే వారంలో సెల్లారు స్తంభాల పగుళ్ళు పూడ్పించి, మందు కొట్టించండి. మాత్ర వేసిన తేదీని లిఫ్టు పక్కన నోటీసు బోర్డు మీద రాసిపెట్టండి, తరువాతి తేదీ కూడా దాని కిందనే రాయండి. బరువు తూచడానికి, మొదటి విడత మాత్రలు వేయడానికి నేను స్వయంగా వస్తాను. ఏ రోజు కుదురుతుందో సంఘం కార్యదర్శిగారు ఈరోజే నాకు చెబితే బాగుంటుంది.